చిన్నపిల్లల వికాస పరీక్షకు ముందు ఏం గమనించాలి, ఏం రాసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి

ఏడాది దాటిన పిల్లలకు మూడేళ్లు వచ్చేలోపు, మాట, కదలిక, ఆట, మెలగడం వయసుకు తగ్గట్టున్నాయా అని చూసే వికాస పరీక్షలో డాక్టరుగానీ నర్సుగానీ బిడ్డను కళ్లారా చూసేది కాసేపే. ఆ కాసేపట్లో బిడ్డ ఏడవచ్చు, అమ్మ మెడ వదలకపోవచ్చు, ఇంట్లో గలగలా మాట్లాడేది ఇక్కడ ఒక్క ముక్కా పలకకపోవచ్చు. కొత్త గది, కొత్త మనిషి, చల్లటి స్టెతస్కోపు ఎదురైతే ఆ వయసులో అలా ఉండటం సహజం. ఆ సంగతి పరీక్ష చేసేవాళ్లకూ తెలుసు. అందుకే ఇందులో చాలా భాగం పెద్దవాళ్లు ఇచ్చే వివరాల మీదే నడుస్తుంది. మీరు చెప్పేది ఎంత కచ్చితంగా ఉంటే పరీక్ష అంత పనికొస్తుంది.

కాబట్టి తేదీ ఖరారయ్యాక రెండు వారాల పాటు బిడ్డను గమనించడమే అసలు పని. "ముక్కేది? చెవేది?" అని రోజూ వల్లె వేయించి తీసుకెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. పరీక్ష కోసం మీరు నింపాల్సిన ఫారంలోని ఒక్కో ప్రశ్న ఒక్కో సామర్థ్యానికి నమూనా. ముక్కు, చెవి అడగడం వెనుక ఉద్దేశం బిడ్డ విన్న మాటను అర్థం చేసుకుని గుర్తుపెట్టుకుంటుందా అని తెలుసుకోవడం. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు బట్టీ పట్టిస్తే మార్కు వస్తుంది, అసలు లోటు ఉంటే అది కప్పబడిపోతుంది. అవకాశం ఇవ్వడం మాత్రం వేరు. బిడ్డ చేతికి ఇంతవరకు పెన్సిలే ఇవ్వకపోతే ఇప్పుడు ఇవ్వండి. మెట్లు ఎప్పుడూ ఎక్కనివ్వకపోతే చేయి అందించి ఎక్కించండి. "రాదు", "ఎప్పుడూ చేసి చూడలేదు" అనే రెండు జవాబులకూ చాలా తేడా ఉంది.

వయసు లెక్క

తప్పు ఎక్కువగా దొర్లేది ఇక్కడే, అదీ నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో. 3 వారాలు, అంతకన్నా ముందుగా పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా వయసును పుట్టినరోజు నుంచి కాక, డాక్టరు చెప్పిన ప్రసవ తేదీ నుంచి లెక్కగట్టాలి. దీన్ని సవరించిన వయసు అంటారు. ప్రసవ తేదీ మే 20 అయితే బిడ్డ మార్చి 25న పుట్టిందనుకోండి. 56 రోజులు, అంటే 8 వారాలు ముందన్నమాట. మరుసటి ఏడాది సెప్టెంబరు 25న పరీక్షకు వెళ్తే క్యాలెండరు లెక్కలో బిడ్డకు 18 నెలలు. సవరించిన వయసు మాత్రం 16 నెలల 5 రోజులే. ఈ వయసులో రెండు నెలల తేడా చిన్నది కాదు. 18 నెలల ఫారం ఇచ్చేస్తే బాగానే ఉన్న బిడ్డ కూడా వెనకబడినట్టు కనిపిస్తుంది. ప్రసవ తేదీ రాసి ఉన్న కాగితం వెంట తీసుకెళ్లి, "సవరించిన వయసుతోనే చూస్తున్నారా?" అని ముందే అడగండి. టీకాలకు మాత్రం ఈ సవరణ వర్తించదు, వాటికి అసలు పుట్టిన తేదీయే లెక్క.

పరీక్ష వాయిదా పడితే ఫారం కూడా మారొచ్చు. ఎక్కువగా వాడే 'ఏజెస్ అండ్ స్టేజెస్' ప్రశ్నావళిలో 24 నెలల ఫారం 23 నెలలు నిండిన రోజు నుంచి 25 నెలల 15 రోజుల వరకే చెల్లుతుంది. ఆ మర్నాటి నుంచి 27 నెలల ఫారం వాడాలి. నెల కిందట నింపిన కాగితాన్నే పట్టుకెళ్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఫారం నింపడం

ఫారాన్ని ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఒళ్లో బిడ్డ గింజుకుంటుంటే నింపకూడదు. అలా నింపినవాటిలో సగం ఊహలే ఉంటాయి. ముందుగా ఇంటికి పంపమని అడగండి, చాలాచోట్ల పంపుతారు. కనీసం నాలుగైదు రోజులు చేతిలో ఉంచుకుని, రోజుకు కొన్ని ప్రశ్నల చొప్పున, బిడ్డ నిద్రపోయి లేచి, కడుపు నిండి హుషారుగా ఉన్నప్పుడు ఆటలా చేయించి చూడండి.

'ఏజెస్ అండ్ స్టేజెస్'లో ఐదు విభాగాలుంటాయి: మాట, పెద్ద కదలికలు, చేతివేళ్ల పనితనం, సమస్యను పరిష్కరించడం, తన పనులూ మనుషులతో మెలగడమూ. ఒక్కో విభాగానికి ఆరు ప్రశ్నలు. జవాబు "అవును" అయితే 10, "అప్పుడప్పుడు" అయితే 5, "ఇంకా లేదు" అయితే 0. ఒక విభాగంలో అత్యధికంగా 60 వస్తాయి. ఎప్పుడో ఒక్కసారి చేసినదాన్ని "అవును" అని రాయడం, అల్లరిగా తప్పించుకుంటుందని "ఇంకా లేదు" అని రాయడం, ఈ రెండూ మామూలుగా జరిగే పొరపాట్లే. మీరు చూడనిదాన్ని, చేయించి చూసే వీల్లేనిదాన్ని ఊహించి నింపకుండా ఖాళీగా వదిలి, పక్కన "చూడలేదు" అని రాయండి. ఒక విభాగంలో ఒకటి రెండు ఖాళీలుంటే మార్కులను సర్దే పద్ధతి ఉంది. మూడు ఖాళీలుంటే ఆ విభాగానికి మార్కులే వేయలేరు.

16 నుంచి 30 నెలల మధ్య ఆటిజం కోసం ఇచ్చే 20 ప్రశ్నల 'ఎం-చాట్' ఫారం తీరు వేరు. అందులో "అప్పుడప్పుడు" అనే గడి ఉండదు, అవును లేదా కాదు అనే చెప్పాలి. కొన్నిసార్లు చేసినా మామూలుగా చేయనిదైతే "కాదు" అని రాయాలని ఆ ఫారంలోనే ఉంటుంది. ఇక్కడ ప్రేమకొద్దీ "అవును" అనేవాళ్లే ఎక్కువ. ఇంకో చిక్కూ ఉంది. మిగతా ప్రశ్నలకు "అవును" మంచి జవాబు కాగా, మూడింటికి మాత్రం అది తిరగబడుతుంది. చెవుడేమోనని అనుమానం వచ్చిందా, కళ్ల దగ్గర వేళ్లను వింతగా ఆడిస్తుందా, మామూలు శబ్దాలకే కలవరపడుతుందా అన్నవి ఆ మూడు. వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోతే ఇక్కడ దెబ్బతింటారు. అనుమానం కలిగించే ఒక్కో జవాబుకు ఒక మార్కు. మొత్తం మీద 0–2 వస్తే అనుమానం తక్కువని, 3–7 వస్తే అవే విషయాలను వివరంగా మళ్లీ అడగాలని, 8గానీ అంతకన్నా ఎక్కువగానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షకు పంపాలని లెక్క. 8 వచ్చినా అది రోగనిర్ధారణ కాదు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డను చూసుకుంటుంటే ఒకే కాగితం మీద కలిసి నింపకండి. ఒకరి జవాబు ఒకరికి కనబడకుండా విడివిడిగా నింపి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. జవాబులు కలవని చోట గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే చెల్లనివ్వకుండా, ఇద్దరూ కలిసి బిడ్డ చేత చేయించి చూడండి. పగలంతా బిడ్డ దగ్గరుండే మనిషికి తెలిసిన సంగతులు సాయంత్రం ఇంటికొచ్చేవాళ్లకు తెలియకపోవడం మామూలే.

మాటల లెక్క

ఎక్కువ సమయం వెచ్చించాల్సింది ఈ విభాగానికే. "చాలా మాటలు వచ్చండీ" అంటే డాక్టరుకు ఏమీ చెప్పినట్టు కాదు. వంటింట్లో అందరికీ కనబడేలా ఒక కాగితం అతికించి మూడు గడులు గీయండి: బిడ్డ పలికినట్టే మాట, దాని అర్థం, విన్న తేదీ. ఇంట్లో ఎవరు విన్నా అక్కడ రాయాలి. వారం పదిరోజుల్లో నమ్మదగిన జాబితా తయారవుతుంది.

ఏది మాటగా లెక్కకొస్తుంది? ఒకే శబ్దాన్ని ఒకే వస్తువుకో పనికో, ఎవరూ అందించకుండా, మళ్లీమళ్లీ వాడితే అది మాటే. ఉచ్చారణ సరిగా లేకపోయినా ఫరవాలేదు. కుక్కను చూసిన ప్రతిసారీ "బౌ" అంటే అది ఒక మాట. మీరు "బంతి" అనగానే "బంతి" అని తిప్పి పలకడం మాత్రం ఈ లెక్కలోకి రాదు. దాన్ని "అనుకరిస్తుంది" అని వేరుగా రాయండి. అంకెలు, పాటలు, వీడియోల్లోని సంభాషణలు గడగడా అప్పజెప్పి, దాహం వేస్తే మాత్రం అడగలేని పిల్లలుంటారు. ఆ అప్పజెప్పడం చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు గానీ, డాక్టరుకు మీరు తప్పక చెప్పాల్సిన విషయాల్లో అదొకటి. మాటను అవసరానికి వాడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇంట్లో రెండు భాషలుంటే రెండింటి మాటలూ కలిపి లెక్కపెట్టండి. ఒక భాషలో 15, ఇంకో దాంట్లో 12 వస్తే బిడ్డ దగ్గర 27 మాటలున్నట్టు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యమవుతుందనే నమ్మకం గట్టిగా పాతుకుపోయింది గానీ, అది నిజం కాదు. ఆలస్యాన్ని రెండో భాష మీదికి నెట్టేసి నెలలు గడపడం బిడ్డకే నష్టం.

రెండు మాటల జోడింపులను వేరుగా రాయండి. "అమ్మ రా", "ఇంకా పాలు", "బంతి పోయింది" లాంటివి బిడ్డ సొంతంగా కలిపినవి. ఎప్పుడూ ఒకే ముద్దగా వినబడే "అదేంటి" లాంటిది ఒక్క మాటే. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన జాబితా ప్రకారం 18 నెలలకు అమ్మ, నాన్న కాక ఇంకో మూడు మాటలైనా పలకబోవడం, 24 నెలలకు రెండు మాటలు కలపడం, 30 నెలలకు సుమారు 50 మాటలు ఉండాలి. నలుగురిలో కనీసం ముగ్గురు పిల్లలు ఆ వయసుకు చేయగలిగే పనులనే ఆ జాబితాలో పెట్టారు. కాబట్టి ఒకటి తప్పిందని గుండెలు బాదుకోనక్కర్లేదు, అలాగని "వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి" అని పక్కన పెట్టేయడమూ కుదరదు. 16 నెలలకు ఒక్క మాటా లేకపోయినా, 24 నెలలకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోయినా మామూలు పరీక్ష తేదీ వచ్చేదాకా ఆగకుండా ముందే చూపించాలి.

ఇక అర్థం చేసుకోవడం. "మాటలు రావు గానీ అన్నీ అర్థమవుతాయి" అనేది దాదాపు ప్రతి ఇంట్లో వినబడే మాట. నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. మీరు సంచి తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడి, చెప్పుల వైపు చూస్తూ "చెప్పులు తెచ్చుకో" అంటే బిడ్డ తెస్తుంది. మాట అర్థం కాకపోయినా తెస్తుంది. గుమ్మం, సంచి, మీ చూపు అన్నీ కలిసి ముందే చెప్పేశాయి. అసలు సంగతి తెలియాలంటే మీరు తీరిగ్గా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ వస్తువు వైపు చూడకుండా, ఆ వేళకు మామూలుగా అడగనిది అడగండి. "దువ్వెన తీసుకురా" అనండి చాలు. రెండున్నరేళ్ల వయసులో "బొమ్మ కింద పెట్టి తలుపు వెయ్యి" లాంటి రెండంచెల పని కూడా ఇలాగే చెప్పి చూడండి.

వేలు, చూపు, పేరు

చూపుడువేలితో చూపించడం రెండు రకాలు. అలమరలోని బిస్కెట్ డబ్బా వైపు చూపించి కావాలనడం ఒకటి. ఆకాశంలో విమానాన్ని చూపించి, వెంటనే మీ ముఖం వైపు తిరిగి "చూశావా?" అన్నట్టు చూడటం రెండోది. దానివల్ల బిడ్డకు దక్కేది ఏమీ లేదు, చూసినదాన్ని మీతో పంచుకోవడమే దాని ఉద్దేశం. పరీక్ష చేసేవాళ్లు ఎక్కువ విలువిచ్చేది ఈ రెండోదానికే. 18 నెలలకు ఇది కనబడకపోతే చెప్పాలి. మీ చేయి పట్టుకుని లాక్కెళ్లి, మీ చేతినే వస్తువు మీద పెట్టడం వేలు చూపించినట్టు కాదు, అదేదైనా ఉంటే విడిగా చెప్పండి.

పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా అన్నది చూడటానికి వెనక నుంచి, అడుగుల చప్పుడు గానీ నీడ గానీ పడకుండా, మామూలు గొంతుతో పిలవండి. టీవీ, ఫోన్ ఆపేసి ఉండాలి. మూడుసార్లలో ఎన్నిసార్లు తిరిగిందో రాసుకోండి. బొమ్మకు అన్నం పెట్టడం, ఖాళీ కప్పుతో తాగినట్టు నటించడం లాంటి ఆటలుంటే అవీ రాయండి. చక్రాలు తిప్పుతూనే ఉండటం, వస్తువులను వరసగా పేర్చడంలోనే గంటలు గడపడం ఉంటే దాచకండి. అది ఒక్కటే దేనికీ రుజువు కాదు, మిగతా వాటితో కలిపి చూసినప్పుడే అర్థం తెలుస్తుంది.

ఒళ్లూ చేతులూ, చెవులూ కళ్లూ

కదలికల గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు, వాటిని గది లోపలే చూడగలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఆరోగ్యవంతులైన పిల్లలు ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది. 18 నెలలు నిండినా నడక రాకపోతే మాత్రం ఆగకూడదు. కొందరు పిల్లలు అసలు పాకకుండానే నడిచేస్తారు, అందులో తప్పేమీ లేదు. నేల మీద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించి తనను తాను పైకి నెట్టుకుంటుందా అన్నది గమనించండి. అలా చేస్తే వీడియో తీసి చూపించాలి, కండరాల బలహీనతకు అదొక గుర్తు. ఆలస్యంగా నడిచే పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఇందుకోసం ఒక రక్తపరీక్ష చేయించమనవచ్చు. మునివేళ్ల మీద అప్పుడప్పుడు నడవడం మామూలే. ఎప్పుడూ అలాగే నడుస్తుంటే, మడమ నేలకు ఆనకపోతే చెప్పండి. ఏడాదిన్నర లోపే అన్నిటికీ ఒకే చేయి వాడుతుంటే "ఎడమచేతి వాటం" అని ముచ్చటపడకుండా, రెండో చేతిలో బలం తక్కువేమో చూడమనండి.

వేళ్ల పనితనం చూడటానికి 2.5 సెం.మీ. చెక్కముక్కలు ఏడెనిమిది, లావుపాటి పెన్సిలు, కాగితం చాలు. ఏడాదీ మూడు నెలలకు రెండు ముక్కలు, రెండేళ్లకు ఆరు దాకా ఒకదాని మీద ఒకటి నిలబెడతారు. పేర్చి చూపించి పక్కకు జరగండి. మీ చేత్తో దాని చేతిని పట్టి పేర్పిస్తే అది మీరు పేర్చిన గోపురమే. ఫారంలో చిన్న వస్తువును సీసాలో వేయడం లాంటివి ఉంటే పక్కనే కూర్చోండి, అయ్యాక ఆ వస్తువు తీసేయండి. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఈ వయసులోనే ఎక్కువ.

పుట్టినప్పుడు వినికిడి పరీక్ష బాగానే వచ్చిందన్నది ఇప్పటి వినికిడికి హామీ కాదు. జలుబు తరవాత మధ్యచెవిలో ద్రవం నిలిచిపోయి, నొప్పి లేకుండానే, నెలల తరబడి శబ్దాలు మసకబారినట్టు వినబడవచ్చు. ఒక రోజు పలికి ఒక రోజు పలకకపోవడం, టీవీ దగ్గరికెళ్లి నిలబడటం, నోరు తెరిచి ఊపిరి తీయడం ఉంటే చెప్పండి. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ముందుగా జరగాల్సింది వినికిడి పరీక్ష. అది రాయకుండా "ఆర్నెల్లు చూద్దాం" అంటే మీరే అడగండి. కళ్ల విషయంలో మెల్లకన్ను, బొమ్మల పుస్తకం ముఖానికి ఆనించుకుని చూడటం, తల ఒక పక్కకు వంచి చూడటం గమనించాలి. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోల్లో ఒక కంటిపాప ఎర్రగా కాక తెల్లగా మెరుస్తుంటే పరీక్ష తేదీ కోసం చూడొద్దు. వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి.

వీడియోలు

రెండు నిమిషాల మాటలకన్నా ఇరవై సెకన్ల వీడియో ఎక్కువ చెబుతుంది, అదీ సరిగ్గా తీస్తే. ఐదారుకు మించి వద్దు. ఒక్కోటి 20 నుంచి 30 సెకన్లు ఉంటే చాలు. బిడ్డ ముఖం, చేతులు రెండూ పడేలా ఫోన్‌ను బిడ్డ కంటి ఎత్తులో పెట్టండి. నడక కోసమైతే చెప్పులు లేకుండా, మోకాళ్లు కనబడే దుస్తుల్లో, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయండి. వెనక టీవీ మోత ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తీస్తూ "చెప్పు నాన్నా, చెప్పు, ఏదీ" అని వెంటపడకండి. దానివల్ల బిడ్డ మాట వినబడదు, మీ మాటే వినబడుతుంది. బిడ్డ ఒంటరిగా ఆడుకోవడం, మీతో కలిసి ఆడటం, తినడం, మిమ్మల్ని కలవరపెడుతున్న ఆ ప్రవర్తన, ఇవి ఉండాలి. మూర్ఛలాగా, ఉలిక్కిపాటులాగా ఏదైనా కనబడితే మాత్రం మొదలు నుంచి ముగిసేదాకా తీయండి. అది రోజుకు ఎన్నిసార్లు వస్తుందో, అప్పుడు పిలిస్తే పలుకుతుందో లేదో కూడా రాయండి. అయితే దాన్ని చూపించడానికి ఈ తేదీదాకా ఆగకూడదు.

ఇవన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టుకోండి. డాక్టరు ఎదుట కూర్చుని గ్యాలరీలో వెతుకుతుంటే ఉన్న సమయం కాస్తా అయిపోతుంది.

సంచిలో ఏముండాలి

టీకాల కార్డు, బరువు-ఎత్తుల పాత నమోదులు, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు (ఎన్ని వారాలకు పుట్టింది, బరువెంత, పసికందుల ఐసీయూలో ఉందా), నింపిన ఫారం, మాటల జాబితా, వాడుతున్న మందుల పేర్లూ మోతాదులూ. కుటుంబంలో ఎవరికైనా చిన్నప్పుడు మాట ఆలస్యమైందా, వినికిడి లోపం, ఆటిజం, కండరాల జబ్బులు ఉన్నాయా అన్నది రెండు వైపులా అడిగి రాసుకోండి. అత్తారింటి వైపు సంగతులు అక్కడికక్కడ అడిగితే తేలవు. తల చుట్టుకొలత విషయం వస్తుందని తెలిస్తే తల్లిదండ్రుల తల చుట్టుకొలతలు కూడా కొలుచుకోండి. పెద్ద తలలు ఇంటి పోలికగా వచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి. వీటితో పాటు మూడు రోజుల నిద్ర, తిండి, స్క్రీన్ సమయం రాసిన చిన్న కాగితం. పగటి కునుకుతో కలిపి ఏడాది, రెండేళ్ల పిల్లలకు 11–14 గంటల నిద్ర ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోజుకు ఎన్ని పాలు తాగుతుందో మిల్లీలీటర్లలో రాయండి. సుమారు 500 మి.లీ. దాటితే మిగతా తిండి తగ్గి ఇనుము లోపించే అవకాశముంది, ఇనుము లోపిస్తే దాని ప్రభావం వికాసం మీదా పడుతుంది.

బిడ్డకు ఇష్టమైన బొమ్మ ఒకటి, బట్టలు ఒక జత, తినడానికి ఏదైనా, నీళ్లు. ఫోన్‌లో కార్టూన్ పెట్టి ఊరుకోబెట్టడం మాత్రం లోపలికి వెళ్లే ముందే ఆపాలి. దాన్ని లాక్కున్నాక వచ్చే ఏడుపుతోనే సగం సమయం పోతుంది.

ఆ రోజు

సమయం ఎంచుకునే వీలుంటే కునుకు వేళకు తగలకుండా, నిద్రలేచి తిన్న గంటలోపు పడేలా తీసుకోండి. జ్వరంగా, నలతగా ఉంటే వాయిదా వేయండి. ఒంట్లో బాగాలేని బిడ్డ చేసేది దాని అసలు తీరు కాదు. సులువుగా విప్పే బట్టలు వేయండి. జడలు, కొప్పులు, క్లిప్పులు వద్దు. తల చుట్టుకొలతా ఎత్తూ రెండూ తప్పుతాయి. బరువు తూచేటప్పుడు తడిసిన డైపరు తీసేయండి.

రెండేళ్ల దగ్గర ఒక తమాషా జరుగుతుంది. అంతవరకు పడుకోబెట్టి కొలిచే పొడవును అప్పటి నుంచి నిలబెట్టి కొలుస్తారు. నిలబడితే సుమారు 0.7 సెం.మీ. తక్కువ వస్తుంది. "పోయినసారి కన్నా తగ్గిందేంటి?" అని కంగారుపడే ముందు ఏ పద్ధతిలో కొలిచారో అడగండి.

ఇద్దరు పెద్దవాళ్లు వెళ్తే మంచిది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు బిడ్డను చూసుకోవచ్చు. వాళ్లలో ఒకరు పగలు బిడ్డను చూసుకునే మనిషై ఉండాలి. అక్కాఅన్నలను ఇంటి దగ్గరే ఉంచండి, బిడ్డ బదులు జవాబులన్నీ వాళ్లే చెప్పేస్తారు.

గదిలోకి వెళ్లగానే బిడ్డను కిందికి దించి "ఆంటీకి హాయ్ చెప్పు" అని ఒత్తిడి పెట్టకండి. ఒళ్లోనే కూర్చోనివ్వండి. మీరు మామూలుగా మాట్లాడుతుంటే కాసేపటికి అదే దిగుతుంది. దూరం నుంచి చూసేవాళ్లు ఆ కాస్త సమయంలోనే చాలా పట్టుకుంటారు: భయపడితే మీవైపు చూస్తుందా, కొత్త బొమ్మను ఎలా అందుకుంటుంది, మీ ముఖం చదువుతుందా. డాక్టరు ఏదైనా చేయమన్నప్పుడు మీరు మళ్లీ చెప్పకండి, వేలితో చూపించకండి, సైగ చేయకండి. బిడ్డ చేయకపోతే "ఇంట్లో చేస్తుంది, వీడియో ఉంది" అనండి, లేదా "ఇంట్లోనూ చేయదు" అనండి. రెండూ సమానంగా పనికొచ్చే జవాబులే.

మీకున్న అతిపెద్ద బెంగను మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పేయండి. చాలామంది దాన్ని చివరిదాకా దాచి, తలుపు దగ్గర నిలబడి "ఇంకొక్క మాట డాక్టరుగారూ" అంటారు. అప్పటికి తరవాతి బిడ్డ లోపలికి వచ్చేసి ఉంటుంది. బెంగను ఉదాహరణతో చెప్పండి. "సరిగా కలవదు" అనేదానికన్నా "నాన్న ఇంటికొచ్చినా తలెత్తి చూడదు, రెండు నెలలుగా ఇలా ఉంది" అంటే దాన్నుంచి ఏమి అడగాలో వాళ్లకు తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం పరీక్ష తేదీతో సంబంధం లేకుండా చెప్పాలి. వచ్చిన మాటలు పోవడం, ఊపే చేయి ఊపడం మానేయడం, వేలు చూపించడం ఆగిపోవడం, నడిచే బిడ్డ తడబడటం, ఏ వయసులోనైనా సరే, ఆ వారంలోనే చూపించాలి. ఎప్పటి నుంచి పోయిందో పాత వీడియోల తేదీలతో చెప్పగలిగితే చాలా ఉపయోగం.

ఫలితం చేతికొచ్చాక

'ఏజెస్ అండ్ స్టేజెస్' లాంటి స్క్రీనింగ్ (తొలి వడపోత) ఫలితాలు, ఆ వయసుకు పెట్టిన మార్కుల హద్దును బట్టి మూడు రకాలుగా ఉంటాయి: వయసుకు తగ్గట్టుంది, హద్దుకు దగ్గరగా ఉంది, హద్దుకు కిందికి ఉంది. మూడోదానికి అర్థం జబ్బుందని కాదు, లోతైన పరీక్ష కావాలని. ఆ పరీక్షలో ఏమీ లేదని తేలే పిల్లలూ ఉంటారు. "హద్దుకు దగ్గరగా" అన్నప్పుడు ఏ విభాగంలో, ఎన్ని మార్కులు, హద్దు ఎంత అని అడిగి రాయించుకోండి. ఇంట్లో చేయించాల్సిన ఆటలేవో కూడా అప్పుడే అడగండి.

"కొన్నాళ్లు చూద్దాం" అన్న మాటతో లేచి రావద్దు. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ కావాలి. ఈలోపు బిడ్డలో ఏ మార్పు కనబడాలో తెలియాలి, అది కనబడకపోతే తరవాత ఎవరి దగ్గరికి పంపుతారో తెలియాలి. లోతైన పరీక్షకు రాసిచ్చినా, స్పీచ్ థెరపీకి రాసిచ్చినా వరసలో చాలాకాలం వేచి ఉండాల్సి రావచ్చు. పేరు ఆ రోజే నమోదు చేయించుకోండి. ఈలోపు బిడ్డ అందుకుంటే పేరు తీసేయించడం ఒక్క ఫోన్ కాల్ పని. నింపిన ఫారానికి నకలు అడిగి తెచ్చుకుని మాటల జాబితాతో కలిపి దాచండి, వంటింట్లో కొత్త కాగితం అతికించి రాయడం కొనసాగించండి.